శిలావృక్షములు, ప్లాస్టిక్కు: ఒక ఆశకును ఒక భీతికిని విమర్శ

ప్రాణహిత గోదావరిలో కలియుచోటికి కొంచెము ఎగువగా, ఎడమ ఒడ్డున, సిరోంచ ఉన్నది. 1982లో చంద్రపూర్ జిల్లానుండి విడివడి ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు కొస. కచేరీ వ్యవహారములు మరాఠీలో జరుగును. ఇండ్లలోను అంగళ్లలోను తెలుగు విస్తారముగా వినవచ్చును. అడవిపట్టులలో గోండీ, మాడియా పలుకులు సాగును. సంగమమునకు ఆవల, గోదావరి దక్షిణతీరమున, తెలంగాణములోని కాళేశ్వరక్షేత్రము కలదు. మూడు భాషల కూడలిగా ఈ సీమ భాషాపరిశోధకులకు పరిచితమే. భూతత్త్వశాస్త్రజ్ఞులకు మాత్రము ఇది అంతకంటె పూర్వమే పరిచితమైనది. సిరోంచకు చేరువనున్న కోటా గ్రామపు సున్నపురాతిలో చేపల శిలాజములు పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగముననే వెలికివచ్చినవి. 1960, 1961 సంవత్సరములలో పోచంపల్లి గ్రామసమీపమున భారత గణాంక సంస్థకు చెందిన పరిశోధకులు ఒక మహాకాయ జంతువు ఎముకలను త్రవ్వితీసిరి. 1975లో దానికి రవీంద్రనాథ టాగూరు స్మరణార్థము బరపాసారస్ టాగోరై అని నామకరణము జరిగినది. ఆ పొరలు రమారమి 17, 19 కోట్ల సంవత్సరముల నడుమవి. ఎముకలతోపాటు ఈ తాలూకాలో రాతిగా మారిన చెట్ల మొద్దులు కూడ దొరకుచున్నవి. వడధం గ్రామమువద్ద అటవీశాఖవారు వానిని కాపాడి శిలాజోద్యానముగా ఏర్పరచిరి.

ఆ మొద్దులను చూచినవానికి సహజముగా కలుగు ప్రశ్న యొకటి కలదు. అడవిలో పడిన చెట్టు కొన్ని వర్షఋతువులకే పుచ్చి మన్నగును. చెదలు, బూజులు, పురుగులు దానిని మిగులనీయవు. అట్టిచో ఈ మొద్దులు కోట్ల యేండ్లు ఏల మిగిలినవి? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానము, నేటి లోకమును కలవరపెట్టుచున్న మఱియొక ప్రశ్నకు గీటురాయి కాగలదు. అదేమన, ప్లాస్టిక్కును తిను సూక్ష్మజీవులు పుట్టి పెరిగినయెడల ఏమగును? అర్ధశతాబ్దికి పైగా ఈ విషయమున రెండు భావనలు ప్రచారములో నున్నవి. ఒకటి భీతి: నాగరకత నిలిచియున్న ఆధారమే కరిగిపోవునని. రెండవది ఆశ: చెత్తగుట్టల బాధను ప్రకృతియే తీర్చునని. ఈ రెంటికిని పునాది యొక్కటే. భక్షకుడు పుట్టినచో భక్ష్యము మిగులదని ఇరుపక్షములవారును నమ్ముదురు. ఆ నమ్మికయే ఇచట విమర్శనీయాంశము.

భీతికి రూపమిచ్చినది మొదట కథాసాహిత్యము. 1969లో వెలువడిన మైకేల్ క్రైటన్ నవల ‘ది ఆండ్రోమెడా స్ట్రెయిన్’ లో ఒక సూక్ష్మజీవి పరిణామము చెంది రబ్బరు, ప్లాస్టిక్కు జాతి వస్తువులను చెరుపునదగును. మరుసటి సంవత్సరము, అనగా 1970 ఫిబ్రవరిలో, బి.బి.సి. వారు ప్రసారము చేసిన ‘డూమ్‌వాచ్’ ధారావాహికయొక్క తొలి భాగమునకు ‘ది ప్లాస్టిక్ ఈటర్స్’ అనియే పేరు. దానిని కల్పించిన కిట్ పెడ్లర్, గెర్రీ డేవిస్ అనువారే తరువాత ‘మ్యూటంట్ 59’ అను నవలలో ఆ భావనను విస్తరించిరి. పెడ్లర్ స్వయముగా వైద్యశాస్త్ర పరిశోధకుడు. ఆ నవలలో ఒక శాస్త్రజ్ఞుడు పెంచిన సూక్ష్మజీవి మురుగుకాలువలలోనికి జారి, తమంతట తాము శిథిలమగునట్లు తయారైన సీసాలపై బలిసి, లండన్ నగరమున విద్యుత్తీగల తొడుగులను కరిగింపసాగును.

ఈ రచనలయందు ఒక గుణము నిశ్చయముగా కలదు. పాఱవేసిన ప్లాస్టిక్కును, వాడుకలోనున్న ప్లాస్టిక్కును మనుష్యుడు వేఱువేఱుగా చూచును. సూక్ష్మజీవికి ఆ భేదము లేదు. చెత్తకుప్పలోని సీసాయు, రోగి నరములోనికి మందు నెక్కించు గొట్టమును దానికి ఒకే రాశి అన్నము. ఈ సత్యమును శాస్త్రజ్ఞులకంటె ముందుగా సామాన్యపాఠకునకు చెప్పిన గౌరవము ఆ కథకులదే. ఐనను వారి కల్పనలో రెండు దోషములు కలవు. మొదటిది వేగము: సంవత్సరములు పట్టు పనిని వారు గంటలకు కుదించిరి. రెండవది అభేదము: ప్లాస్టిక్కు అనునది ఒకే పదార్థమైనట్లు, ఒక తాళపుచెవితో అన్ని తాళములును తెఱచుకొన్నట్లు వారు వ్రాసిరి. కథకు ఈ రెండును అలంకారములే కావచ్చును గాని, వానినే వస్తుస్థితిగా గ్రహించుట తగదు.

వస్తుస్థితి యిట్లున్నది. నైలాన్ జాతి పదార్థములు 1930లలో పుట్టినవి. నాలుగు దశాబ్దములు తిరుగకుండగనే, 1975లో, జపానులోని ఒక నైలాన్ కర్మాగారపు మురుగునీటి మడుగులో, ఆ తయారీయందు మిగులు పదార్థములను తిని బ్రతుకు బాక్టీరియాను పరిశోధకులు కనుగొనిరి. అవి తిన్నది నైలాన్ దారమును గాదు. దాని తునుకలవంటి చిన్న అణువులను. 2016లో జపానులోని సకాయ్ నగరమున, సీసాలను మరల ఉపయోగమునకు తెచ్చు స్థలమునుండి ఐడియోనెల్లా సకాయెన్సిస్ అను బాక్టీరియా వెలికివచ్చినది. నీళ్లసీసాలకు వాడు పెట్ అను ప్లాస్టిక్కును అది రెండు ఎంజైములతో విడగొట్టి ఆహారముగా చేసికొనును. ఐతే అది పలుచని, అణువుల అమరిక వదులుగా ఉన్న పొరను 30 డిగ్రీల వేడిమిలో తినుటకు ఆరువారములు పట్టినది. సీసా గోడలోని బిగువైన ప్లాస్టిక్కు దానికి అంత సులభముగా లొంగదు. 2020లో ఫ్రాన్సుదేశీయులు మార్పుచేసిన వేఱొక ఎంజైము 10 గంటలలో నూటికి 90 వంతుల పెట్‌ను విడగొట్టినది. కాని అది 72 డిగ్రీల వేడిమిలో, ముందుగా పొడిచేసిన సరకుపై, యంత్రశాలయందలి తొట్టిలో జరిగిన పని. అది పరిశ్రమయే గాని ప్రకృతి కాదు.

పెట్, నైలాన్ మున్నగువాని అణుశృంఖలములలో నీటి సాయమున తెగగల ముడులు నడుమనడుమ కలవు. ఆకులమీది మైనపుపూతను, పట్టును, కొవ్వును విడగొట్టుటకు సూక్ష్మజీవులు అనాదిగా వాడుచున్న పరికరములు కొలది మార్పుతో అచట పనికివచ్చును. సంచులకు వాడు పాలిథీన్, బస్తాలకు వాడు పాలిప్రొపిలీన్ అట్టివి కావు. వాని వెన్నెముక కేవలము కర్బనపు పరమాణువుల గొలుసు; పట్టు చిక్కదు. ఎండయు గాలియు చాలకాలము వానిని పెళుసుబఱచిన పిదపనే ఏ జీవియైనను వాని జోలికి పోగలదు. చెత్తలో హెచ్చుభాగము ఈ రెండవజాతిదే. 2021లో స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయమువారు సముద్రములనుండియు నేలలనుండియు సేకరించిన జన్యుసమాచారమును గాలించి, పదిరకముల ప్లాస్టిక్కులను విడగొట్టగలవని తోచు ఎంజైముల జాడలు 30,000కు పైగా కలవనియు, కల్మషము హెచ్చైన చోట్ల అవియు హెచ్చుగా నున్నవనియు ప్రకటించిరి. ఇది గణనచే ఊహించిన శక్తి. పరీక్షచే నిరూపించిన కార్యము కాదు. ఐనను పరిణామము ఏ దిక్కుగా సాగుచున్నదో దీనివలన తెలియును. భక్షకుడు రానున్నాడనుట అసత్యము కాదు. వచ్చిన పిదప ఏమగుననుటయే విచార్యము.

ఇచట వృక్షచరిత్ర సాక్ష్యమునకు నిలుచును. కట్టెకు బిగువునిచ్చు లిగ్నిన్ అను పదార్థము ఒకానొక కాలమున నేటి ప్లాస్టిక్కువంటిదే. అణునిర్మాణము చిక్కులతో గూడినది. దానిని పూర్తిగా విడగొట్టగల జీవులు తొలుత లేకుండెనని శాస్త్రజ్ఞుల ఊహ. 2012లో 31 శిలీంధ్రముల జన్యుపటలములను పోల్చి చూచిన పరిశోధకులు, కట్టెను తెల్లగా కుళ్లజేయు శిలీంధ్రములు లిగ్నిన్‌ను జయించిన కాలము రమారమి 29 కోట్ల యేండ్లక్రిందటిదని లెక్కించిరి. బొగ్గుపొరలు విస్తారముగా ఏర్పడిన యుగము ఆ శిలీంధ్రముల రాకతో ముగిసినదను వాదము దానివలన బలపడినది. ప్లాస్టిక్కు విషయమున ఆశపడువారికి ఈ కథ మిక్కిలి ప్రీతిపాత్రము. ఒకనాడు కట్టె పేరుకొన్నది, భక్షకుడు వచ్చినాడు, కుప్ప తీరినది, రేపు ప్లాస్టిక్కుకును అంతే యని వారి తాత్పర్యము.

ఈ సామ్యము అందమైనదే. కాని గోదావరీలోయ దానిని అంగీకరింపదు. ఇల్లెందు ప్రాంతమున 1871లో భూతత్త్వశాఖకు చెందిన డాక్టరు కింగ్ కనుగొన్న బొగ్గు, తరువాత సింగరేణి గనులుగా ప్రసిద్ధికెక్కినది. అదియు, ఎగువన చంద్రపూర్ బొగ్గును పెర్మియన్ యుగపు గోండ్వానా పొరలలోనివి. పెర్మియన్ యుగము 30 కోట్ల యేండ్లక్రిందట మొదలై 25 కోట్ల యేండ్లక్రిందట ముగిసినది. అనగా భక్షకుడు వచ్చెనని చెప్పబడిన కాలమునకు తరువాతనే ఇచటి బొగ్గులో పెక్కుభాగము పేరుకొన్నది. నాడు భారతభూమితో కలిసియున్న అంటార్కిటికాలో దొరకిన పెర్మియన్ శిలాదారువునందు కుళ్లుశిలీంధ్రములు తినిన గుర్తులు స్పష్టముగా కనబడినవి. ఒకే భూఖండమున, ఒకే యుగమున, కొంత కట్టె తినబడినది. కొంత కట్టె బొగ్గయినది. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందఱు ఈ విషయమును విస్తృతముగా పరిశీలించి, బొగ్గు పేరుకొనుటకు కారణము శిలీంధ్రముల జాగు కాదనియు, క్రుంగుచున్న లోయలు, తడి వాతావరణము అనునవి ప్రధానములనియు నిర్ణయించిరి. కట్టె గాలి సోకని బురదలో మునిగినచో తినువాడున్నను తినలేడు.

సిరోంచ శిలావృక్షముల సాక్ష్యము ఇంకను బలవత్తరమైనది. అవి లిగ్నిన్ భక్షకులు పుట్టిన పది కోట్ల యేండ్లకు తరువాతి చెట్లు. వాని కాలమున కుళ్లుటకు కావలసిన జీవులన్నియు లోకమున కలవు. ఐనను ఏఱు ఆ మొద్దులను ఇసుకలో పూడ్చినది, ప్రాణవాయువు అందలేదు, ఇసుకలోనుండి ఊరిన సైకతధాతుజలము కణకణమున నిండి గట్టిపడినది. తత్ఫలితముగా నేటికిని ఆ మొద్దులలో చెట్టు పోలిక నిలిచియున్నది. కావున సిద్ధాంత మిది: ఒక పదార్థము నశించుట కేవలము భక్షకునిపై ఆధారపడదు, తడి, గాలి, వేడిమి, కాలము, తక్కిన ఆహారములు, ఆ పదార్థము పడియున్న తావు అనునవన్నియు కలిసి దానిని నిర్ణయించును.

ఈ సిద్ధాంతమును ఆశకు అన్వయించినచో ఫలితము నిరాశాజనకము. 2015 నాటికి లోకము 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్కును తయారుచేసెనని 2017లో ప్రకటితమైన గణన. అందు చెత్తగా మారినది 630 కోట్ల టన్నులు. దానిలో మరల వాడుకకు వచ్చినది నూటికి 9 వంతులు, కాల్చబడినది 12 వంతులు, మిగిలిన 79 వంతులును గుంటలలోను ప్రకృతిలోను పేరుకొన్నది. గుంటలో పూడ్చిన చెత్తకు గాలి యందదు. సముద్రగర్భమున చలి అధికము. ఆ తావులలోని ప్లాస్టిక్కు గతి సిరోంచ మొద్దుల గతియే. పూర్తిగా తినక సగము కొఱికి విడిచినచో కంటికి కనబడని తునుకలు పెరుగును. పూర్తిగా తినినచో దానిలోని కర్బనము బొగ్గుపులుసు వాయువై ఆకాశమున చేరును. రంగునకై, మెత్తదనమునకై కలిపిన మందులు నేలలో మిగులును. ఏ విధమున చూచినను, లెక్క కొట్టివేయబడదు. ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు మారును.

భీతికి అన్వయించినచో ఫలితము వేఱు. లోకము ఒక్కనాట కరిగిపోదు. కాని తడి, వెచ్చదనము, ఆహారము ఒకచోట కూడిన తావులలో ప్లాస్టిక్కు నమ్మదగని వస్తువగును. 2025లో ఇంగ్లండులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయమువారు ఒక రోగి గాయమునుండి తీసిన సూడోమోనాస్ ఏరుజినోసా అను బాక్టీరియా, వైద్యములో కుట్లకును పట్టీలకును వాడు పాలికాప్రోలాక్టోన్ అను ప్లాస్టిక్కును ఏడు దినములలో నూటికి 78 వంతులు విడగొట్టెననియు, దానిని ఆహారముగా చేసికొని బలపడెననియు ప్రకటించిరి. ఆ ప్లాస్టిక్కు స్వభావముచేతనే శిథిలమగునది గనుక దీనిని ప్రళయవార్తగా భావింపరాదు. అయినను కథకులు మురుగుకాలువలో వెదకిన ప్రమాదము నిజముగా రోగి గాయమునందు ముందుగా కనబడుట గమనింపదగినది.

ఇట్టి స్థితిలో తయారీదారు లేమి చేయుదురన్నది ఊహింపరాని విషయము కాదు. కట్టె చరిత్రయే దానిని చెప్పుచున్నది. చెదలకును బూజులకును గుఱియగు కట్టెను కాపాడుటకై, డెహరాడూన్ అటవీపరిశోధన సంస్థలో పనిచేసిన తెలుగు శాస్త్రజ్ఞుడు సొంటి కామేశము 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములు కలిసిన మందును కనుగొనెను. ఆస్కూ అను పేర అది దేశదేశముల ప్రసిద్ధి గాంచి, తంతిస్తంభముల ఆయుర్దాయమును పెంచినది. అది మహోపకారము. కాని అందలి ఆర్సెనిక్ నేలలోనికి దిగునను భయముచేత అమెరికాలో 2003 చివరనుండి ఇండ్ల కట్టడములలో దాని వాడుక మానుకొనిరి. ప్లాస్టిక్కును తినువారు ప్రబలిన నాడు, దానికిని ఇట్టి విషములనే పూయుట అనివార్యమగును. మంచినీటి గొట్టమునకు, తీగ తొడుగునకు, ధాన్యపు బస్తాకు ఆ పూత పూయవలసివచ్చునేమో యన్నదే నిజమైన భయము. అణువులను కరిగించు జీవికంటె, దానికి విరుగుడుగా వచ్చు మందు మనుష్యునకు దగ్గఱి శత్రువు కావచ్చును. ‘మ్యూటంట్ 59’ వ్రాసినవారు ఈ పరిణామమును పట్టించుకొనలేదు. అద్భుతమునకు తావులేని ఫలితము కథకు పనికిరాదు గాబోలు.

ఈ చర్చ సిరోంచవంటి సీమకు దూరమైనది కాదు. మహారాష్ట్ర ప్రభుత్వము 2018 మార్చిలో ప్లాస్టిక్కు సంచులు మొదలగువానిపై నిషేధము ప్రకటించినది. ఒకమారు వాడి పాఱవేయు కొన్ని వస్తువులపై దేశమంతటను 2022 జులై 1 నుండి నిషేధము అమలులోనికి వచ్చినది. ఆ రెంటి నడుమ, 2022 ఏప్రిల్ 13 మొదలు 24 వఱకు ప్రాణహిత పుష్కరములు జరిగినవి. పుష్కరయాత్రికుడు తెచ్చుకొను సంచియు, పుణ్యోదకము నింపుకొను సీసాయు నేడు ప్లాస్టిక్కువే. మఱియొక వంక వానకు ఇంటిపై కప్పు పట్టాయు, మిరపచేనికి నీరు తెచ్చు గొట్టమును, ఎరువు బస్తాయు ప్లాస్టిక్కువే. ధనవంతుని నగరమున గొట్టము చెడినచో మార్చుకొనును. అడవియంచు పల్లెలో దానిని మార్చుట ఒక సంవత్సరపు లెక్కలోనికి వచ్చు ఖర్చు. కావున ప్లాస్టిక్కు నశింపదను నమ్మకము సడలిననాడు మొదట నష్టపడువారు, దానిని తక్కువగా పాఱవేసి ఎక్కువకాలము వాడుకొనువారే. ఆశావాదులు చెత్తనుగూర్చి మాటలాడునపుడు ఈ వాడుకరులను లెక్కింపరు. భీతివాదులు నగరములనుగూర్చి వ్రాయునపుడును లెక్కింపరు. ఉభయపక్షముల లోపమును ఇదియే.

దీనివలన కట్టె పనికిరాదని గాని, ప్లాస్టిక్కు పనికిరాకుండ పోవునని గాని అర్థము కాదు. భక్షకులు పుట్టి ఇరువదితొమ్మిది కోట్ల యేండ్లయినను, ద్వారబంధములకు కట్టెయే వాడుచున్నారు. అయోధ్య రామాలయపు ద్వారములకై 2023లో పంపబడినది ఈ చంద్రపూర్, గడ్చిరోలి సీమల టేకుకలపయే. చెదలకు లొంగు జాతి పదార్థమును శతాబ్దములు నిలువవలెనను కోరికతో ఎన్నుకొనిరన్నచో, దాని వెనుక ఒక వివేకము కలదు: ఏ కట్టె చెదను ఓర్చును, దానిని ఎట్లు ఎండబెట్టవలెను, నేలతడి తగులకుండ ఎట్లు నిలుపవలెను, ఎప్పుడెప్పుడు చూచుకొనవలెనను జ్ఞానము. ఆ వివేకమునకే రెండవ ముఖము విస్తరాకు. ఒక పూట పనికి ఒక పూట నిలుచు వస్తువును వాడి, పెంటపై వేసి, మన్నుగా మారుటకు విడిచిపెట్టిరి. నిలువవలసినదానికి టేకు, నిలువనక్కఱలేనిదానికి ఆకు; ఈ విభాగము తెలుగునాట పల్లెపల్లెకును తెలిసినదే. ప్లాస్టిక్కు చేసిన గొప్ప అపకారము, శాశ్వతముగా ఉండుటకన్న, ఈ విభాగమును మఱపించుట. ఒక పూట పనికిని, నూఱేండ్ల పనికిని అది ఒకే పదార్థమును ఇచ్చినది.

సూక్ష్మజీవులు ఆ విభాగమును మరల ఏర్పఱచి ఇవ్వలేవు. అవి తమకందిన చోట తినును, అందని చోట మానును. ఏది పాఱవేయబడినదో, ఏది కావలసినదో వానికి తెలియదు. కావున ప్లాస్టిక్కును భక్షించు జీవుల రాకను వరముగా కీర్తించు రచనలును, శాపముగా భయపెట్టు రచనలును సమానముగా అసమగ్రములు. నిషేధములు సడలించుటకు గాని, చెత్తను పూడ్చి మఱచుటకు గాని ఆ జీవులను సాకుగా చూపుట ఎంతమాత్రము తగదు. గొట్టములు, తీగలు, వైద్యపరికరములు ఎచట ఎంతకాలము నిలుచుచున్నవో ఇప్పటినుండియే కనిపెట్టి వ్రాసియుంచుట, ఒక పూట పనులనుండి ప్లాస్టిక్కును తొలగించుట, విషపుపూతలు రాకమునుపే వానికి హద్దులు నిర్ణయించుట అను మూడు పనులు మనుష్యునివే.